గూడబాతుకు బలగం ఎవరు?

పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరిగా బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. ఎం.సి. మెహతా వేసిన కేసులో వెలువడిన ఆ తీర్పు అమలు కావడం లేదని తేలడంతో 2003లో మరోసారి గట్టిగా చెప్పాల్సివచ్చింది. ఆ తర్వాత పాఠాలు వచ్చాయి, పరీక్షలు వచ్చాయి, ప్రాజెక్టు పనులూ వచ్చాయి. పిల్లలు దుకాణంలో చార్టు కొని, పక్షుల బొమ్మలు కత్తిరించి అంటిస్తారు. మార్కులు పడతాయి. బడి ప్రహరీ పక్కనున్న వేపచెట్టు మీద గూడు కట్టిన పిట్ట పేరేమిటో మాత్రం చాలామందికి తెలియదు. పల్లెటూరి పిల్లలు కూడా ఇందుకు మినహాయింపు కాదు. తెల్లారకముందే స్కూలు బస్సెక్కి, చీకటిపడ్డాక ఇల్లు చేరే పిల్లలకు ఊరి చెరువు కిటికీలోంచి కనిపించే దృశ్యం మాత్రమే.

ప్రకృతి మీద మమకారం పుట్టాలంటే ఓ జీవిని దగ్గర్నుంచి చూడాలి. దాని మంచిచెడ్డల్లో తమకూ ఓ పని ఉండాలి. కర్ణాటకలోని మండ్య జిల్లా కొక్కరె బెళ్లూరు ఇందుకు నిదర్శనం. ఆ ఊళ్లో ఇళ్ల మధ్యనున్న చింతచెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. అటవీ అధికారి ఎస్.జి. నేగిన్‌హాళ్ 1976లో ఈ సంగతిని బయటి ప్రపంచం దృష్టికి తెచ్చేనాటికే ఊరివాళ్లకది తరతరాల అనుభవం. అయితే ఒక చిక్కుంది. గూట్లోంచి జారిపడిన కూనను తల్లిపక్షి కిందికి దిగివచ్చి మేపదు. దాన్ని కుక్కలైనా ఎత్తుకుపోతాయి, ఆకలితోనైనా చనిపోతుంది.

1990లలో మైసూరుకు చెందిన ఔత్సాహిక ప్రకృతి పరిశీలకుల బృందం ఆ ఊరి కుర్రాళ్లను కూడగట్టి, ఇలాంటి కూనలను సాకడం మొదలుపెట్టింది. కంచె కట్టి, చేపలు మేపి, ఎగరడం వచ్చాక వదిలేసేవారు. ఆ జట్టు పేరు ‘హెజ్జార్లె బళగ’. హెజ్జార్లె అంటే కన్నడంలో గూడబాతు. బళగ తెలుగువాళ్లకు తెలిసిన బలగమే. గూడబాతు చుట్టాలన్నమాట.

చేపలు తెచ్చి కూన కడుపు నింపడమెంత కష్టమో చూసిన పిల్లవాడికి, చెరువు ఎండిపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మరో పాఠం కాస్త చేదైనది. పక్షులు కాపురముంటే చింతపండు దిగుబడి పోతుంది. అందుకే చెట్ల యజమానులకు అటవీ శాఖ పరిహారమిస్తోంది. పక్షుల్ని ప్రేమించడానికీ, చెట్టును నిలబెట్టడానికీ మధ్య డబ్బు లెక్క ఒకటుందని పాఠ్యపుస్తకం చెప్పదు, ఊరు చెబుతుంది.

తెలుగునాటా ఇలాంటి ఊళ్లున్నాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు ఈ పక్షులకు ఆశ్రయమిస్తున్నాయి. కానీ పోగొట్టుకున్న చరిత్ర కూడా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో గూడబాతుల భారీ స్థావరాన్ని 1946లో కె.కె. నీలకంఠన్ గుర్తించారు. కేరళ పక్షుల గురించి తర్వాతి కాలంలో ప్రసిద్ధ గ్రంథం రాసింది ఆయనే. అప్పట్లో దాదాపు 3,000 పక్షులు అక్కడ గూళ్లు కట్టేవి. 1975 ప్రాంతానికల్లా అవి ఆ చోటును వదిలేశాయి.

తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయన్న మాట తరచూ వినిపిస్తుంటుంది. నిజానికి గూడబాతు, ఎర్రకాళ్ల కొంగ రెండూ దక్షిణ, ఆగ్నేయాసియా పక్షులే. నీరు, మేత చూసుకుని ఈ ప్రాంతాల్లోనే తిరుగుతుంటాయి. ఇది చిన్న పొరపాటేమీ కాదు. దూరదేశపు అతిథి అనుకుంటే వచ్చినప్పుడు చూసి మురిసిపోతే చాలు. ఇక్కడిదే అనుకుంటే, గూళ్లు ఖాళీ చేసి వెళ్లాక అది ఏ చెరువులో బతుకుతోందో కూడా పట్టించుకోవాలి. పిల్లలకు చెప్పాల్సింది ఈ రెండో సంగతే.

పక్షుల స్థావరం ప్రతి ఊళ్లోనూ ఉండదు, చెట్టు మాత్రం ఉంటుంది. 2010లో మొదలైన ‘సీజన్‌వాచ్’ కార్యక్రమం చేస్తున్నది అదే. ఒక్కో పిల్లవాడు ఒక చెట్టును ఎంచుకుని, వారం వారం దాని చిగుళ్లు, పూలు, కాయలు గమనించి నమోదు చేస్తాడు. ఇందులో కేరళ బడులు ముందున్నాయి. విషు పండగకు పూయాల్సిన కొన్న, అంటే మన రేల, ఎప్పుడు పూస్తోందన్నది అక్కడి పిల్లలకు పుస్తకంలో చదివే విషయం కాదు, లెక్కగట్టే విషయం. దీనికి కావాల్సింది ఓ నోటుపుస్తకం, కాస్త ఓపిక.

పాములు, నూతులు, మోటారు బావులున్న చోట పిల్లల్ని ఒంటరిగా వదలలేమన్న తల్లిదండ్రుల భయం అర్థరహితం కాదు. అందుకే పక్కన పెద్దవాళ్లుండాలి. చచ్చిన పక్షిని తాకకూడదనీ, కూన కనిపిస్తే ఇంటికి తీసుకుపోకుండా అటవీ సిబ్బందికి చెప్పాలనీ నేర్పాల్సింది కూడా వాళ్లే. ఊళ్లో గొర్రెలు కాసే తాతకో, చేపలు పట్టే అత్తకో తెలిసిన చెట్ల పేర్లు, పిట్టల కూతలు టీచరుకు తెలియకపోవచ్చు. నెలకో పూట వారిని బడికి పిలిచి, పిల్లలతో చెరువుగట్టు దాకా నడిపిస్తే, కోర్టు రెండుసార్లు చెప్పినా సరిగా జరగని పని కాస్తయినా మొదలవుతుంది. ఆ పేర్లు తెలిసిన తరం ఎక్కువకాలం అందుబాటులో ఉండదు.