గుప్పెడు మంచు
స్కీయింగ్ నేర్చుకోవడానికి సోలంగ్ లోయకు వెళ్లినవాళ్లు ఆఖరి పూటను మనాలీ మాల్ రోడ్డులో శాలువాల బేరాలకు ఖర్చుచేయొద్దు. మంచు మీద మొదటి రోజంతా పడి లేవడమే. రెండో రోజుకి స్కీల ముందు కొనలు దగ్గరచేసి, మడమలు ఎడంగా నెట్టి వేగం తగ్గించడం పట్టుబడుతుంది. ఆఖరి రోజుకి గాని ఒళ్లు మన మాట వినదు. మొన్న అద్దె కోటు తిరిగిచ్చేటప్పుడు మా అబ్బాయి జేబులోంచి మంచు ముద్ద తీసి, అది కరిగేదాకా గుప్పిట విప్పలేదు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు చేసేవాళ్ల పిల్లలకూ ఆ గుప్పెడు మంచు అందాలి. అందుకు ముందు వాళ్లకు సెలవు దొరకాలి. ప్రతి 20 రోజుల పనికీ ఒక రోజు జీతంతో సెలవని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. పటాన్‌చెరు పక్కనే ఉన్న పాశమైలారంలో కాంట్రాక్టు కార్మికుడికీ ఆ సెలవు రోజులు లెక్కగట్టి ఇవ్వాలి. సెలవడిగితే మర్నాడు గేటు దగ్గర పని లేదనకూడదు.