ఉరుకుడెందుకు అన్నోళ్లకు మా జవాబు

పోస్టు కొంచెం పెద్దగుంటది, చాయ్ తాగుకుంట చదవండి.

మా సైటుల పనిచేసే ఒక తమ్ముని బిడ్డకు ఆరేండ్లు. ల్యుకీమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. మేము పదిమందిమి కలిసి మారథాన్ ఉరికి, ఆ ఇంటికి పైసలు జమ చేస్తమని గ్రూపుల పెట్టినం. పెట్టిన గంటల్నే మాటలు మొదలైనయి. "ఉరికితే రోగం తగ్గుతదా?" అని ఒకరు. "అమెరికాల ఇన్సూరెన్స్ ఉంటది, ఇంక పైసలెందుకు?" అని ఇంకొకరు. "బూట్లకు, ఫీజుకు పెట్టేది నేరుగ ఇయ్యరాదా?" అని మరొకరు. మూడు మాటలకూ జవాబు చెప్తం. కోపంగనే చెప్తం, ఏమనుకోవద్దు.

ముందు ఇన్సూరెన్స్ సంగతి. అది దవాఖానకు కడ్తది. ఇంటి కిరాయి కట్టదు, కారు కిస్తీ కట్టదు. పిల్లలకు ఎక్కువగ వచ్చే ల్యుకీమియాకు మందులు రెండు, రెండున్నరేండ్లు నడుస్తయి. అన్ని దినాలు బిడ్డ వెంట ఎవరో ఒకరు తిరగాలె. ఇంట్ల ఇంకో చంటిపిల్ల ఉన్నది, తల్లి ఎటని పోతది? ఈ దేశంల 1993ల చేసిన చట్టం ఒకటున్నది. 50 మంది, ఆ పైన పనిచేసే కంపెనీల ఏడాది నిండిన మనిషికి, బిడ్డకు పెద్ద జబ్బు చేస్తే ఏడాదికి 12 వారాల సెలవియ్యాలె. కొలువు పోదు. కాని ఆ సెలవుకు జీతమియ్యాలని ఆ చట్టంల లేదు. గంటల కూలి మీద బతికేటోళ్లం, జీతం లేని సెలవంటే ఏందో మనకొకరు చెప్పాల్నా? రెండు దినాలు వాన పడి సైటు బందైతేనే ఆ నెల లెక్క తప్పుతది.

తమ్ముడు ఒక్కటే మాటన్నడు: "అన్నా, బిడ్డ దగ్గరుంటే కిరాయి ఆగుతది. కిరాయి కోసం పోతే బిడ్డ నాన్న ఏడీ అంటది."

గదీ సంగతి. మేము జమ చేసేది మందుల పైసలు కాదు. తండ్రి బిడ్డ మంచం పక్కన కూసునే గంటల కూలి.

ఇగ ఉరికితే రోగం తగ్గుతదా అన్న మాట. మా కాళ్లతోటి తగ్గదు, ఒప్పుకుంటం. కాని 1988ల న్యూయార్క్ మారథాన్ల బ్రూస్ క్లీలాండ్ అనే తండ్రి, తన చిన్న బిడ్డకు ల్యుకీమియా వస్తే 38 మంది జట్టును కట్టి ఉరికిచ్చిండు. 3 లక్షల 22 వేల డాలర్లు జమైనయి. అవి ఈ జబ్బు మీద పనిచేసే సొసైటీకి పోయినయి. 'టీమ్ ఇన్ ట్రైనింగ్' అని ఇయ్యాల్టికీ నడిచేది అట్ల మొదలైందే. మెంఫిస్‌ల సెయింట్ జూడ్ పిల్లల దవాఖాన 1962ల తెరిచిననాడు, పిల్లలకు ఎక్కువగ వచ్చే ఈ జబ్బుల నూటికి నలుగురు బతికేటోళ్లు. ఇప్పుడు తొంభై మందికి పైన బతుకుతున్నరు. ఆ దవాఖాన తల్లిదండ్రులకు బిల్లు పంపదు. ఎక్కువ చందాల మీదనే నడుస్తది, దానికోసం ఏటేటా అక్కడ మారథాన్ ఉరుకుతరు. డాక్టర్లు చేసిండ్రు, నిజమే. డాక్టర్ల వెనుక పైసలు నిలబెట్టింది ఎవరు?

మూడో మాటల కొంత నిజమున్నది. పెద్ద మారథాన్లకు ఎంట్రీ ఫీజే రెండు వందల డాలర్లు దాటుతది. అందుకే మేము ఏ పెద్ద పోటీకి పోతలేము. దగ్గరి పార్కుల, 26.2 మైళ్లు పదిమందిమి పంచుకుంటం. ఫీజు లేదు, టీషర్టు లేదు. నేరుగ ఇస్తమన్నోళ్లు నేరుగనే ఇయ్యండి, ఎవరు వద్దన్నరు? నెల దినాల సంది గ్రూపుల మూడొందల మందికి సంగతి తెల్సు. ఇచ్చింది పదకొండు మంది. ఊకె అడిగితే మనిషి ఫోన్ పక్కకు పెడ్తడు. మనోడు చెమటలు కక్కుకుంట ఉరుకుతుంటే, "మైలుకు ఎంతిస్తవ్?" అంటే జేబుల చెయ్యి పెడ్తడు. ఇంకోటి గూడ ఉన్నది. మేము ఉరికి అడిగితే, ఆ తండ్రి చెయ్యి చాపే పని తప్పుతది.

గల్ఫ్‌ల ఉన్ననాడు రూముల ఒకరు పోతే, తలా ఇంత ఏసుకొని పెట్టెను ఊరికి పంపినం. చందా ఏస్తే పోయినోడు లేస్తడా అని ఆనాడు ఎవరూ అడగలేదు. సచ్చినోనికి ఏసిన చెయ్యి, బతికే బిడ్డకు ఎందుకు ముడుచుకుంటున్నది?

ఇంకో దిక్కు పెద్దమనుషులున్నరు. "బిడ్డను స్టేజీ మీదికి తీస్కరండి, పెద్ద చెక్కు ఇస్తం, ఫొటో దిగుదం" అని ఫోన్ చేసిండ్రు. వద్దన్నం. వెంట్రుకలు రాలిన బిడ్డను మైకు ముందట నిలబెట్టం. పేరు పెట్టం, ఫొటో పెట్టం. లెక్క మటుకు పెడ్తం. ఎంత వచ్చింది, కిరాయికి ఎంత పోయింది, ప్రతి నెల ఒకటో తారీఖు గ్రూపుల చూడండి. సైటు మీద కొలతలు పట్టి బతికేటోళ్లం, ఇంచు తప్పితే గోడ వంకర పోతదని తెల్సు.

ఉరికే ముందు చేసే పని గూడ చెప్తం, రేపు ఎవరికైనా పనికొస్తది. దవాఖాన బిల్లుల ఆఫీసుల 'ఫైనాన్షియల్ అసిస్టెన్స్' కాగితం అడగండి. లాభం కోసం కాకుండ నడిచే దవాఖానలు ఆ పాలసీ రాసి పెట్టాలని 2010 చట్టంల ఉన్నది. ఈడ పుట్టిన పిల్లలకు, ఇంటి ఆదాయం తక్కువుంటే మెడికెయిడ్, చిప్ అడగొచ్చు. తల్లిదండ్రుల వీసా అడ్డం రాదు. మనోళ్లు సిగ్గుపడి అడగరు. 2007 సంది ఊర్ల ఆరోగ్యశ్రీ కార్డు చూపెట్టనీకి సిగ్గుపడ్డమా?

ఈ ఆదివారం పొద్దుగాల ఆరింటికి మొదలు. ఉరకరానోళ్లు నడవండి. నడవరానోళ్లు నీళ్ల బాటిల్ పట్టుకొని నిలబడండి. అదీ కాకుంటే ఒక్క గంట కూలి రాయండి. ఏదీ చేతకాకుంటే, దండం పెడ్తం, ఆ ఒక్క పూట సప్పుడు చెయ్యకుండ్రి.