పెళ్లని పిలిచి...

పెళ్లికొడుకు అకిలిస్ అని కబురొచ్చింది. గ్రీకు వీరుల్లో అంతటివాడు మరొకడు లేడు. రాజకుమారి ఇఫిజీనియా మురిసిపోతూ తల్లితో కలిసి ఆలిస్ రేవుకు వచ్చింది. తీరా చూస్తే అక్కడ పెళ్లిపందిరి లేదు, బలిపీఠం ఉంది. ట్రాయ్ మీదికి యుద్ధానికి ఓడలు కదలాలంటే రాజుగారి కూతుర్ని ఆర్టెమిస్ దేవతకు బలివ్వాలన్నాడు జోస్యుడు. కన్నతండ్రి అగమెమ్నాన్ సరేనన్నాడు. పాపం, అకిలిస్‌కైతే ఈ పెళ్లి సంగతే తెలియదు!

కత్తి పడే క్షణంలో దేవత ఆమెను మాయం చేసి, ఆ చోట ఓ లేడిని పెట్టింది. మన జానపద సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ మాత్రం కథ అక్కడ ఆపలేదు. ప్రాణం దక్కింది సరే, ఇక ఆ పిల్ల ఎవర్ని నమ్ముతుంది? క్రీ.పూ. 414 ప్రాంతంలో ఆయన రాసిన ‘టారిస్‌లో ఇఫిజీనియా’ నాటకమంతా అదే.

టారిస్ అంటే నల్లసముద్రపు ఒడ్డునున్న నేటి క్రిమియా. దేవత ఆమెను అక్కడి గుడిలో పూజారిణిగా పెట్టింది. ఆ తీరానికొచ్చిన గ్రీకుల్ని బలికి సిద్ధం చేయడం ఆమె పని. బలి తప్పించుకున్న పిల్లకు ఎలాంటి ఉద్యోగమో చూడండి! మొదట్లో వాళ్లకోసం కన్నీళ్లు పెట్టుకునేది. తమ్ముడు ఓరెస్టిస్ చనిపోయినట్టు కలొచ్చాక ఆ జాలి కూడా ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే ఇద్దరు యువకులు దొరికారు. ఒకణ్ని వదిలేస్తాను, మా ఊరికి నా ఉత్తరం పట్టుకెళ్లమంది. ఓడ మునిగి ఉత్తరం పోతేనో అని అతను అడిగాడు. అందుకని అందులో ఉన్నది పైకి చెప్పింది. అది ఓరెస్టిస్‌కు రాసిన ఉత్తరం! అతను దాన్ని అక్కడికక్కడే పక్కనున్న స్నేహితుడి చేతిలో పెట్టాడు.

నేనే నీ తమ్ముణ్నని ఆ స్నేహితుడు చేతులు చాచినా ఆమె దగ్గరికి రానివ్వలేదు. రుజువు చూపించమంది. నాకు ఈ నాటకంలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. అతను చెప్పిన ఆనవాళ్లన్నీ ఇంటి సంగతులే. చిన్నప్పుడు ఆమె మగ్గంమీద నేసిన బొమ్మలేమిటి, ఆలిస్ నుంచి తల్లికి పంపిన జుట్టు, ఆమె గదిలో దాచిన ముత్తాతగారి ఈటె. ఈటె మాట వినేదాకా ఆమె మనసు కరగలేదు.

తమ్ముణ్ని నమ్మింది కానీ, ఆ దేశపు రాజు థోవాస్‌ను నమ్మలేదు. దేవతా విగ్రహాన్ని సముద్రంలో శుద్ధి చేయాలని అబద్ధమాడి అందరితో ఓడెక్కింది. తండ్రి పెళ్లి పేరు చెబితే, కూతురు పూజ పేరు చెప్పింది.

రెండువేల ఏళ్ల తర్వాత జర్మన్ కవి గోథేకి ఈ ముగింపు రుచించలేదు. 1779లో వచనంగా, 1787లో పద్యంగా అదే కథ రాశాడు. అందులో ఇఫిజీనియా పారిపోయే పథకాన్ని తానే రాజుకు చెప్పేస్తుంది. చంపితే చంపమన్నట్టు ఎదురుగా నిలబడుతుంది. రాజు చాలాసేపు ఊగిసలాడతాడు. చివరికి వెళ్లిరమ్మంటాడు, అదీ ముక్తసరిగా.