పాడీ, చూడీ

ఆదివారం పొద్దున ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేయడం నాకున్న వ్యసనాల్లో ఒకటి. మొన్న మా బావమరిది కూడా వెంట వచ్చాడు. అతన్ని మధ్యాహ్నం బండికి నాంపల్లిలో ఎక్కించాలి. మెల్లగా నడిచి వెళ్ళి, స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో కూర్చున్నాం. చాయ్ వచ్చింది. కప్పుకేసి చూసి అతను నిట్టూర్చాడు.

"హెచ్చెఫ్ ఆవు, బావా! తొలి ఈతలో పూటకి ఎనిమిది లీటర్లిచ్చింది. ఇప్పుడు మూడుసార్లు సూది వేయించినా చూడి కట్టలేదు. గొడ్డుబోతని ఊరంతా తేల్చేశారు. వచ్చే సంతకు తోలేస్తాను."

పట్నంలో మనకు పాలు ప్యాకెట్లో వస్తాయి. ఆవు ఈనితేనే గాని పాలు లేవన్న సంగతి మరిచిపోయి చాలాకాలమైంది.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనక నాకు ఆ మాట గుచ్చుకుంది. ఆవునైతే గొడ్డుబోతనీ, ఆడదాన్నయితే గొడ్రాలనీ అనేస్తాం. మగవైపు ఎవరూ చూడరు. అందుకని మావాడికి ఓ ఆబోతు కథ చెప్పాను.

దాని పేరు పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్. 1962లో అమెరికాలో పుట్టిన హోల్‌స్టీన్ జాతి ఆబోతు. దాని కూతుళ్ళు బిందెలు నింపాయి. ఇంకేం, అందరికీ అదే కావలసివచ్చింది! కూతుళ్ళు 16 వేలు, మనుమరాళ్ళు 5 లక్షలు, మునిమనుమరాళ్ళు 20 లక్షల పైచిలుకు. పాడితోపాటు ఒక దోషమూ వంశంలో పాకింది. ఒకవైపు నుంచే వస్తే బాధ లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ దోషాన్ని మోస్తుంటే మాత్రం, సుమారు నాలుగు పిండాల్లో ఒకటి కడుపులోనే పోతుంది. రెండువైపులా అది వచ్చిన పశువు ఒక్కటీ బతికి లేదని 2011లో శాస్త్రజ్ఞులు జన్యువులు చూసి కనిపెట్టారు. 2016లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచం మీద అలా పోయిన పిండాలు 5 లక్షల పైనే. అన్నేళ్ళూ యజమానులు తిట్టుకున్నది ఆవునే కాబోలు!

"అయితే నా ఆవుకూ అదేనా?"

"అనలేం. చూడి కట్టడంలో వంశం పాలు నూటికి పదికి లోపే. తక్కినది మేత, ఖనిజ లవణాలు, ఎండ, ఎద గుర్తించే వేళ. పొద్దున ఎదకొస్తే సాయంత్రం, సాయంత్రమొస్తే మర్నాడు పొద్దున వేయించాలి."

అలాగని ఆ కొద్దిపాటినీ కొట్టిపారేయడానికి లేదు. ఎక్కువ పాలకూ తక్కువ చూడికీ జన్యువుల్లోనే లంకె ఉంది. అమెరికాలో పాలు చూసే ఆబోతుల్ని ఎంచినన్నాళ్ళూ, తరతరానికీ పాడి పెరిగి చూడి తగ్గింది. కూతుళ్ళు ఎంత త్వరగా చూడి కడుతున్నాయో కూడా 2003 నుంచి లెక్కలోకి తీసుకున్నాక ఆ దిగజారుడు ఆగింది. నార్వేవారు 1970లలోనే ఆ జాగ్రత్త పడ్డారు.

బండి కదలబోతుంటే మావాడు కిటికీలోంచి అన్నాడు: "సంతకు ఇప్పుడే తోలను, బావా. ముందు డాక్టరుకు చూపిస్తా. ఈసారి వేరే ఆబోతుది వేయమంటా."

"మంచిది. అందాకా దాన్ని గొడ్డుబోతనడం కూడా ఆపండి" అన్నాను.