జీవశాస్త్రాలకు రసాయనం పరాయిదా?

నిరుడు ఒక సాయంకాలం బి.ఎస్సీ. చదువుతున్న విద్యార్థి ఒకడు వ్యాసరచన పోటీకి పేరివ్వడానికి వచ్చి, మాటల సందర్భంలో, "సార్, నాకు జంతుశాస్త్రమంటే ప్రాణం. మధ్యలో ఈ రసాయనశాస్త్రం ఎందుకు సార్? కప్పకూ సమీకరణానికీ ఏమిటి సంబంధం?" అని అడిగాడు. తెలుగు ఉపన్యాసకుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదది. అయినా నవ్వి ఊరుకోలేకపోయాను. ఒకప్పుడు ఆ ప్రశ్న నాదే.

ఇంటర్మీడియట్‌లో నేను జీవశాస్త్రాలు చదివినవాణ్ణి. రసాయన సమీకరణాలను అర్థం తెలియకుండా వల్లెవేసి, పరీక్ష ముగియగానే మరచిపోయాను. తరువాత ఎం.ఏ. తెలుగులో చేరాను. భాషాభిమానంతోనే చేరానని చాలాకాలం నమ్మాను. అందులో సగం రసాయనం మీది భయమని ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. కనుక ఈ వ్యాసం పండితుడి బోధ కాదు, పోగొట్టుకున్నవాడి విన్నపం.

మన కళాశాలలో నిత్యం వినిపించే రెండు భాషలలోనూ ఈ శాస్త్రానికి పాత పేర్లున్నాయి. ఉర్దూవారి 'కీమియా' ఒకప్పుడు అల్పలోహాన్ని బంగారంగా మార్చే విద్య. తెలుగువారి 'రసాయనం' వైద్యం నుంచి వచ్చిన మాట. ఆయుర్వేదపు అష్టాంగాలలో రసాయనతంత్రం ఒకటి. ఆయుర్బలాలను పెంపొందించడం దాని లక్ష్యం. అంటే మన మాటలో రసాయనం మొదటినుంచీ ప్రాణానికి చుట్టమే. పాఠ్యక్రమంలో గదులు వేరైనంత మాత్రాన ఆ చుట్టరికం తెగిపోదు.

ఇందుకు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం కంటే మంచి నిదర్శనం నాకు తెలియదు. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో జీవరసాయన పరిశోధకుడైనారు. కండరం పనిచేసేటప్పుడు దానిలో ఏమి జరుగుతున్నదన్నది ప్రశ్న. అది జీవశాస్త్రపు ప్రశ్నే. కాని జవాబుకు ముందు భాస్వరాన్ని సూక్ష్మపరిమాణంలో కొలవగల పద్ధతి కావలసి వచ్చింది. ఫిస్కేతో కలిసి 1925లో ఆయన అట్టి పద్ధతిని ప్రకటించారు. పరీక్షనాళికలోని నీలిరంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఆ నీలిరంగు వెంట నడిచి, 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణానికి శక్తిని అందించే ఏ.టీ.పీ.ని వారు కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడ స్వతంత్రంగా ఏ.టీ.పీ.ని కనుగొన్నాడు.

ఫోలిక్ ఆమ్లం కథ ఇంకా హృద్యమైనది. బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించింది. అందులోని పదార్థమేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో రసాయనవేత్తలు టన్నులకొద్దీ పాలకూర నుంచి ఆ కోవకు చెందిన పదార్థాన్ని వేరుచేసి, ఆకును సూచించే లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1945లో లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు గారి నాయకత్వాన అది సంశ్లేషణ ద్వారా తయారయింది.

బోస్టన్‌లో పిల్లల రక్తపు కాన్సర్‌తో పోరాడుతున్న వైద్యుడు సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు వ్యాధిని త్వరపరుస్తున్నట్లు గమనించాడు. అయితే దానికి విరోధి కావాలి. ఫోలిక్ ఆమ్లపు అణువులో ఒకచోట హైడ్రాక్సిల్ సమూహాన్ని తీసి అమైనో సమూహాన్ని ఉంచితే ఎమినోప్టెరిన్ వచ్చింది. తాళంలో దూరి తిరగని తాళంచెవి వలె అది ఎంజైమును పట్టుకొని కణవిభజనను ఆపుతుంది. ఆ మందుతో కొందరు పిల్లలకు వ్యాధి తాత్కాలికంగా తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. దాని సోదరౌషధం మెథోట్రెక్సేట్ నేటికీ వైద్యుల చేతిలో ఉన్నది.

రసాయనమే సర్వస్వమని నా వాదం కాదు. బొంబాయి స్త్రీల పాలిన చెక్కిళ్ళను చూసిన కన్ను వైద్యురాలిది. పిల్లల పడకల పక్కన కలిగిన అనుమానం వైద్యుడిది. రసాయనవేత్త ఒక్కడే అయితే ఏ అణువును ఎందుకు మార్చాలో తెలిసేది కాదు. వైద్యుడొక్కడే అయితే అనుమానం అనుమానంగానే మిగిలేది. ఇద్దరూ కలిసినచోటనే మందు పుట్టింది.

దూరదేశపు ముచ్చట అనుకోనక్కరలేదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ 1977లో మొదలైనప్పుడు, అక్కడి ప్రాంతీయ పరిశోధనశాలలోని జీవరసాయన విభాగమే దానికి బీజం. నాయకత్వం వహించిన పుష్పమిత్ర భార్గవ గారు కర్బన రసాయనంలో డాక్టరేటు పొందినవారు. భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది, మళ్ళీ విద్యార్థిగా జీవశాస్త్రం చదివిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కు, రైబోసోము నిర్మాణాన్ని వివరించినందుకు 2009లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతిలో భాగం లభించింది. గోడ ఎక్కడున్నది? మన కాలపట్టికలో ఉన్నది.

ఆ గోడకు మనమే ఒక ద్వారం పెట్టవచ్చు. నెలకొకసారి జంతుశాస్త్ర, రసాయనశాస్త్ర ఉపన్యాసకులు ఒకే గదిలో కలిసి పాఠం చెప్పాలి. ఖరీదైన పరికరాలు అవసరం లేదు. పలుచని గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలిరంగు వస్తుంది. అదే గంజిలో ముందుగా లాలాజలం కలిపి కొంతసేపుంచితే ఆ రంగు రాదు. లాలాజలంలోని ఎంజైము పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చివేసింది. నోట్లో ముద్ద నమలడం కూడ రసాయనమేనని ఆ క్షణాన తెలుస్తుంది.

ఒక పని నాబోటి భాషోపాధ్యాయులది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు ఉన్న విద్యార్థి భయపడేది చాలాసార్లు సమీకరణానికి కాదు, మాటకు. ముఖ్యమైన పారిభాషిక పదాలను మూడు భాషలలో రాసి ప్రయోగశాల గోడమీద పెట్టే బాధ్యతను తెలుగు, ఉర్దూ శాఖలు తీసుకోవాలి. నేను సిద్ధంగా ఉన్నాను.

ఆ విద్యార్థికి ఆనాడు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇదే నా జవాబు: నాయనా, కప్ప కాలు కదిలేది ఏ.టీ.పీ. వల్ల. ఆ సంగతి లోకానికి చెప్పినవారిలో ఒకరు మన తెలుగువారు. రసాయనాన్ని విడిచిపెట్టకు, నేను విడిచిపెట్టి చూశాను.