వెటకారపు నాయిక, ఎర్రజుట్టు పిల్లవాడు

దయ్యాల కథ అనగానే ఉపాధ్యాయులకు రెండు భయాలు కలుగుతాయి. పిల్లలు రాత్రివేళ జడుసుకుంటారన్నది ఒకటి. పాఠాలు మాని వాటినే చదువుతారన్నది రెండవది. ఆ దయ్యాలతో మాట్లాడే నాయిక పెద్దలను సైతం ఎత్తిపొడిచే పదహారేళ్ళ పిల్ల అయినప్పుడు మూడవ భయం కూడా తోడవుతుంది. అమెరికన్ రచయిత్రి మెగ్ కాబట్ వ్రాసిన 'మీడియేటర్' నవలలు ఈ మూడు భయాలకూ తగినవే. వాటిలో రెండవదైన 'నైన్త్ కీ' 2001లో, జెన్నీ కారల్ అనే మారుపేరు మీద వెలువడింది. ఇది చిల్లర పుస్తకమని పక్కకు నెట్టేవారు ఒక సంగతి గమనించటం లేదు. నాయిక వెటకారాన్ని విచారణకు నిలబెట్టింది ఆ పుస్తకమే.

సూజ్ సైమన్ న్యూయార్కులో పెరిగిన పిల్ల. తల్లి పునర్వివాహం చేసుకోగా కాలిఫోర్నియాలోని కార్మెల్ పట్టణానికి వచ్చి, సవతి తండ్రి ఇంట అతని ముగ్గురు కొడుకుల నడుమ ఉండవలసి వచ్చింది. ఆమెకు పుట్టుకతోనే చనిపోయినవారు కనబడతారు. కోరిక తీరక ఇక్కడే తచ్చాడుతున్న ఆత్మల పని చక్కబెట్టి సాగనంపటం ఆమె వంతు. ఆమె పడకగదిలోనే పందొమ్మిదవ శతాబ్దికి చెందిన జెస్సీ అనే యువకుడి ఆత్మ నివసిస్తున్నది. బడి ప్రధానోపాధ్యాయుడు ఫాదర్ డొమినిక్‌కు కూడా సూజ్‌కు ఉన్న శక్తే ఉన్నది. ఈ ఏర్పాటంతా 2000లో వచ్చిన మొదటి నవల 'షాడోలాండ్'లోనే జరిగిపోయింది.

ఉత్తరభాగాలు తెలుగువారికి కొత్త కాదు. తిక్కన భారతానికి పూర్వం చేపట్టింది ఉత్తర రామాయణాన్నే. కాని పట్టాభిషేకం అయిన తరువాత కథ నడపటం కష్టమైన విద్య. మొదటి భాగంలో వింతగా తోచినదంతా రెండవ భాగం నాటికి పాతబడుతుంది. దయ్యం కనబడితే పాఠకుడు ఉలికిపడడు. నాయిక చురక వేస్తే సగం నవ్వే వస్తుంది. అప్పుడు చాలామంది రచయితలు దయ్యాలనూ చురకలనూ రెట్టింపు చేస్తారు. కాబట్ కూడా ఆ పని కొంత చేయకపోలేదు. అయితే దానితో ఆగక, నాయిక నాలుకనే కథకు ముడిగా వేసింది.

ఈ గుణానికి తెలుగులో మాటలకు కొదవ లేదు. ఎత్తిపొడుపు, దెప్పు, ఎకసెక్కం, వెటకారం: ఒక్కొక్కదాని వాత ఒక్కొక్క తీరు. దెప్పేవాడికి పాత బాకీ ఏదో ఉంటుంది. ఎకసెక్కమాడేవాడికి చుట్టూ నవ్వే జనం కావాలి. సూజ్‌ది ఈ రెండూ కాదు. తన శక్తిని ఎవరికీ చెప్పుకోలేని పిల్ల, ఎవరూ దగ్గరకు రాకుండా తన చుట్టూ వేసుకున్న ముళ్ళకంప అది. కన్యాశుల్కంలోని మధురవాణి ఎదుటివాడిని పూర్తిగా చదివిన తరువాత చమత్కరిస్తుంది. సూజ్ చదవకముందే చమత్కరిస్తుంది. పదహారేళ్ళ వయసుకు అది సహజమే, కాని ఖరీదైనది.

సవతి సోదరులకు ఆమె పెట్టుకున్న పేర్లు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. డిస్నీ సంస్థ 1937లో విడుదల చేసిన 'స్నో వైట్' చిత్రంలోని మరుగుజ్జుల పేర్లు అవి: స్లీపీ, డోపీ, డాక్. అనగా నిద్రమొగం, మొద్దబ్బాయి, పండితుడు. పన్నెండేళ్ళ డాక్ అసలు పేరు డేవిడ్. ఎర్రని జుట్టు, పుస్తకాల పిచ్చి. ముగ్గురిలో ఆమెకు నచ్చినవాడు. కథ చెప్పేది సూజ్ కనుక పాఠకుడి నోట కూడా ఆ పేరే నానుతుంది. ఇటువంటి పేర్లు పుట్టని తరగతి ఏ దేశంలోనూ ఉండదు. పెట్టినవాడు ఏడాది తిరిగేసరికి మరచిపోతాడు, పడినవాడు మరువడు.

ఒక రాత్రి ఒక స్త్రీ ఆత్మ సూజ్ పడక పక్కన నిలిచి కేకలు పెడుతుంది. తన చావుకు కారకుడు అతడు కాదని 'రెడ్'తో చెప్పమని వేడుకుంటుంది. ఆ పేరు చెవిన పడిందే తడవుగా సూజ్ పరుగు మొదలుపెడుతుంది. ఆ ప్రాంతంలో రెడ్ అని పిలువబడే సంపన్నుడు ఒకడు, బోమాంట్ అనేవాడు, ఉన్నాడు. పగటి వెలుగు సోకని అతని భవనం, అతని వింత తీరు చూసి రక్తం త్రాగే పిశాచమేమోనని ఆమె అనుమానిస్తుంది. నడుమ అతని కుమారుడి మీద ఆకర్షణ. ఆపైన నిజమైన హత్యల జాడ. నవలలో అధికభాగం ఈ పరుగే. నవ్వు పుట్టించే ఘట్టాలన్నీ ఇక్కడే ఉన్నవి.

కథలోని రహస్యం విప్పటం విమర్శకులకు తగని పని. కాని ఇక్కడ విప్పక తప్పదు. ఆ స్త్రీ వెదకుతున్న రెడ్ బోమాంట్ కాడు. ఆమె సూజ్ సవతి తండ్రి మొదటి భార్య. రెడ్ అన్నది తన ఎర్రజుట్టు చిన్నకొడుకుకు ఆ తల్లి పెట్టుకున్న ముద్దుపేరు. తల్లి చావుకు తానే కారణమన్న బరువు మోస్తున్న ఆ పిల్లవాడు సూజ్‌తో రోజూ ఒకే బల్ల దగ్గర భోజనం చేస్తున్నాడు. చంకలో బిడ్డను పెట్టుకొని ఊరంతా వెదకినట్లన్న సామెతకు ఇంతకంటె కఠినమైన ఉదాహరణ దొరకటం కష్టం. తాను పెట్టిన పేరు ఒకటి ఉండగా అతనికి మరొకరు పెట్టిన పేరు ఉండవచ్చునన్న ఊహ సూజ్‌కు రాలేదు. దయ్యాలను చూడగల కన్ను పక్కనున్న పిల్లవాడిని చూడలేకపోయింది.

సూజ్ తండ్రి కూడా ఆమె చిన్ననాడే పోయాడు. అయితే అతడు ఆత్మగా వచ్చి కూతురిని పలకరిస్తాడు, హితవు చెబుతాడు, ఆమె విసుక్కుంటుంది. చనిపోయిన తండ్రి మీద విసుక్కునే భాగ్యం ఎందరికి ఉంటుంది? అదే ఇంట డేవిడ్‌కు తల్లి ఎంత అరచినా వినబడదు. రచయిత్రి ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలిపి మరికొంత సేపు చూపవలసింది. పిశాచపు భవనానికి ఇచ్చినన్ని పుటలు ఆమె ఈ పిల్లవాడికి ఇవ్వలేదు. తల్లి మాట కొడుకుకు చేరే ఘట్టం క్లుప్తంగా ముగిసిపోతుంది. ఈ నవలలోని పెద్ద లోపం అదే.

చందమామ చదివిన తెలుగు పిల్లలకు బేతాళ కథలు తెలుసు. అక్కడ దయ్యం మాట్లాడుతుంది, మనిషి మౌనంగా మోస్తాడు. ఇక్కడ మోసేది దయ్యం, ఆగకుండా మాట్లాడేది మనిషి. అందుకే ఫాదర్ డొమినిక్ సూజ్ నోటిదురుసును దండించడు. ఆత్మల మీద చేయి చేసుకోక కనికరంతో వ్యవహరించమని నచ్చజెబుతాడు. ఆమె వినకపోయినా మళ్ళీ చెబుతాడు. ఇటువంటి పుస్తకం బడి గ్రంథాలయంలో ఉంటే పిల్లలు ఎదురు మాట్లాడటం నేర్చుకుంటారని ఆక్షేపించే ఉపాధ్యాయులు ఆయన పాత్రను ఒకసారి చదవాలి. ఆ మాటకు వస్తే, ఎత్తిపొడుపు నేర్పటానికి అమెరికా నుంచి నవల రానక్కరలేదు. ఇంటిలో ఒక మేనత్త చాలు.

2016లో వచ్చిన 'రిమెంబరెన్స్' నాటికి సూజ్ పెద్దదై, తాను చదివిన ఆ బడిలోనే పిల్లల కష్టసుఖాలు విని సలహా చెప్పే పనిలో శిక్షణ పొందుతూ కనబడుతుంది. నాలుక పదును మాత్రం తగ్గలేదు.