ఘుట్నాల దర్ద్‌కి ఉమ్ర్ ఒక్కటే వజహ్ కాదు

కోటగిరి నుంచి పొలానికో, బోధన్ బజారుకో రోజూ సైకిల్ తొక్కే బుజుర్గులు మోకాళ్ళ నొప్పి అంటే, ఇంట్లో వచ్చే జవాబు ఒక్కటే: "ఉమ్ర్ అయింది, సబర్ చెయ్యండి." నా రాయ్‌లో చాలాసార్లు కసూర్ సీటుది.

రెండు కాళ్ళూ నేలకి ఆనాలని సీటు బాగా దించేస్తాం. హిఫాజత్ అనుకుంటాం. కొత్తగా నేర్చుకునే పిల్లలకి అది సరే. రోజూ తొక్కేవారికి మాత్రం మోకాలు మరీ ముడుచుకుని, చిప్ప మీద బోజ్ పడుతుంది. నొప్పి మోకాలి ముందు ఉంటే సీటు కాస్త ఎత్తి చూడండి, వెనక ఉంటే కాస్త దించండి.

అందాజా తేలికే. పెడల్ అడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు సీదాగా రావాలి. ఇక పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగుతుంది.

అబ్బా, భాయీజాన్, బేటీ ఒకే సైకిల్ తొక్కే ఇళ్ళు మనవి. ఎక్కేవారి కద్‌ని బట్టి సీటు మార్చడానికి ఒక పానా చాలు. ఎదురుగాలిలో, బరువుతో జబర్దస్తీగా తొక్కకండి. దిగి నడిపిస్తే షరమ్ ఏమీ లేదు. వాపు వచ్చినా, ఆరామ్ తీసుకున్నా దర్ద్ తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించండి.

ఈ జుమ్మా లోపు మీ అబ్బా సైకిల్ సీటు ఒక్కసారి చూడండి.